గ్యాస్ అయిపోలేదు... కారిపోయింది

పాత పికప్‌లో చల్లదనం తగ్గితే ప్రతి వేసవిలోనూ వినపడే మాట ఒకటే: "గ్యాస్ కొట్టించండి." ఆ మాట నిజమో కాదో తేల్చుకుందామని బయల్దేరితే, దారి సైనిక్‌పురి నుంచి నాచారం షెడ్డుకీ, అక్కడి నుంచి అరవై ఏళ్ల కిందటి సికింద్రాబాద్‌కీ వెళ్లింది.

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. ఈసీఐఎల్ చౌరస్తాలో ఎర్ర లైటు పడింది. వెనక ట్రాలీలో కీసర తోట నుంచి దింపుకొచ్చిన మామిడికాయల క్రేట్లు, పక్క సీట్లో డెబ్బై నాలుగేళ్ల మా నాన్న. ఏసీ బటన్ నొక్కే ఉంది, ఫ్యాన్ నాలుగో నంబరు మీద తిరుగుతోంది. వచ్చేది మాత్రం పొయ్యి ముందు కూర్చుంటే తగిలే గాలి. నాన్న ఏమీ అనలేదు. తువ్వాలు తీసి మెడ తుడుచుకుని అద్దం దింపారు. ఫౌజులో రాజస్థాన్ ఎండలు చూసిన మనిషి కాబట్టి అనరు. ఆయన అనకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

బండి 2011 నాటిది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఆ వేసవికి అది మూడో గ్యాస్. మార్చిలో ఒక దుకాణంలో గేజి పెట్టి చూసి, "గ్యాస్ అయిపోయింది సార్, కొట్టేస్త, ఫస్ట్ క్లాస్ అయితది" అన్నారు. నిజంగానే అయింది, ఆరు వారాల పాటు. ఏప్రిల్ చివర్లో మళ్లీ వేడిగాలి, మళ్లీ గ్యాస్. ఈసారి ఇరవై రోజులు. మూడోది వేరే దుకాణంలో. అక్కడా అదే మాట, అదే ఇరవై నిమిషాల పని. మూడింటికీ కలిపి ఐదువేల పైచిలుకు అయింది. ముగ్గురిలో ఒక్కరైనా, "ఇంతకుముందు పోసిన గ్యాస్ ఎటు పోయింది?" అని అడగలేదు. నిజానికి అడగాల్సింది నేను. నాకూ తట్టలేదు.

అడిగింది మా వీధిలో ఉండే సుబేదారు గారు. సైనిక్‌పురి మాజీ సైనికుల కోసం వెలసిన కాలనీ. ఇక్కడ ఏ గేటు ముందు బానెట్ ఎత్తినా పక్క గేటు నుంచి ఒక పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడతారు. ఈయన ఈఎంఈలో, అంటే సైన్యం బండ్లనీ యంత్రాలనీ బాగుచేసే దళంలో, ముప్పై ఏళ్లు చేసి వచ్చిన మనిషి. ఊరు పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. ఇంటింటా సైనికుడున్న ఊరని అందరూ చెప్పుకునే మిలటరీ మాధవరమే అది.

"గ్యాస్ అయిపోవడమేంటి బాబూ?" అన్నారాయన. "అదేమన్నా డీజిలా, తగలబడి అయిపోడానికి? గొట్టాల్లో పోసింది గొట్టాల్లోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఇంటి కప్పు కారుతుంటే రెల్లు మార్పిస్తావా, కింద బిందెలు మారుస్తూ కూచుంటావా?"

ఆ ఒక్క ప్రశ్నే ఈ కథనానికి మూలం.

అరకిలో గ్యాస్, అదే అరకిలో

ఇంజెక్షన్ వేసేముందు నర్సమ్మ చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా తగులుతుంది. స్పిరిట్ ఆవిరవుతూ చర్మంలోని వేడిని తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. కుండకు చెమట పట్టాలి, ఆ చెమట ఆరాలి. బండి ఏసీ చేసేదీ ఇదే. తేడా ఏమిటంటే ఆరిపోయిన చెమటను అది పోనివ్వదు, మళ్లీ పట్టుకుని వాడుకుంటుంది.

మన బండ్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఎ గ్యాస్ మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో ఆ వేడి బయటి గాలికి పోయి, గ్యాస్ ద్రవమవుతుంది. సన్నటి వాల్వు గుండా చిమ్మితే, డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లోకి చేరి మరిగి ఆవిరవుతుంది. అలా మరిగేటప్పుడు క్యాబిన్‌లోని వేడిని పీల్చేసుకుంటుంది. మళ్లీ కంప్రెసర్‌కి. పికప్‌లో ఇలా తిరిగేది దాదాపు అరకిలో. బండి షోరూమ్ నుంచి వచ్చిననాడు పోసిన అరకిలోయే ఏళ్ల తరబడి తిరగాలి.

రబ్బరు గొట్టాల గుండా ఏడాదికి కొన్ని గ్రాములు ఎలాగూ చెమర్చి పోతాయి. పదేళ్లు దాటిన బండిలో ఇంకొంచెం ఎక్కువ పోతాయి. అందుకని మూడు నాలుగేళ్లకోసారి గ్యాస్ తక్కువైతే అది వయసు. ఆరు వారాలకే తక్కువైతే అది లీకు.

నాచారం షెడ్డులో ఒక పగలు

సుబేదారు గారు పంపిన షెడ్డు నాచారం పారిశ్రామిక వాడలో, ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీల వెనక సందులో ఉంది. బోర్డు కూడా సరిగా కనపడదు. మెకానిక్ భాయ్‌కి యాభై దాటి ఉంటాయి. వాళ్ల నాన్న సనత్‌నగర్ ఆల్విన్‌లో ఫిట్టరట. ఆ పేరు వినగానే నాకు మా అమ్మమ్మ ఇంట్లో లేత నీలం ఫ్రిజ్జు గుర్తొచ్చింది. 1942లో నిజాం కాలంలో మొదలైన ఆల్విన్ ఫ్రిజ్జులు చేసింది, బస్సులకు బాడీలు కట్టింది, చేతి గడియారాలు చేసింది. 1980ల్లో జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ అనే చిన్న ట్రక్కులూ చేసింది. తర్వాత ఫ్రిజ్జుల విభాగం వోల్టాస్‌కీ, ట్రక్కుల విభాగం మహీంద్రాకీ వెళ్లాయి. చల్లబరిచే విద్యనీ సరుకు మోసే విద్యనీ ఒకే పేరు కింద నేర్చిన నగరం మనది. ఆ నేర్పు ఇంకా ఇలాంటి సందుల్లో మిగిలి ఉంది.

భాయ్ సిలిండర్ వంక చూడనే లేదు. టార్చి తీసుకుని బానెట్ కింద వంగారు. పది నిమిషాలు ఒక్క మాట లేదు, వేళ్లతో గొట్టాలన్నీ తడిమారు. "గీడ సూడుండ్రి సార్" అన్నారు చివరికి. రబ్బరు గొట్టం అల్యూమినియం పైపులోకి దిగే చోట నల్లటి జిడ్డు పట్టి ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా గొట్టాల్లో తిరుగుతుంది. గ్యాస్ కారే చోట నూనె కూడా చెమర్చి, దానిమీద దుమ్ము అంటుకుంటుంది. గ్యాస్ కంటికి కనపడకపోయినా జిడ్డు కనపడుతుంది. టార్చి ఉంటే బండి యజమాని కూడా ఇంటి దగ్గరే చేసుకోగలిగిన పరీక్ష ఇది.

ఆ తర్వాత సిస్టమ్‌లో నైట్రోజన్ ఎక్కించారు. ఆక్సిజన్ గానీ, టైర్లకు కొట్టే గాలి గానీ ఎక్కించకూడదు. ఆక్సిజన్ నూనెతో కలిస్తే పేలుతుంది, మామూలు గాలిలో తేమ ఉంటుంది. ఒత్తిడి నిలబడ్డాక సబ్బు నురగ తెచ్చి ఒక్కో జాయింటుకీ కుంచెతో రాశారు. జిడ్డున్న చోట నురగ చిన్నగా ఊపిరి పీల్చినట్టు పొంగింది. ఒక బుడగ, ఇంకొకటి, తర్వాత వరసగా. మూడుసార్లు నేను పోయించిన గ్యాస్ ఏ దారిన పోయిందో అప్పుడు కళ్లారా చూశాను.

రెండో లీకు గ్యాస్ ఎక్కించే పిన్ను దగ్గర దొరికింది. సైకిల్ ట్యూబుకు ఉండే వాల్వు లాంటిదే అది. దానిమీద ఉండాల్సిన మూత లేదు. మూడుసార్లు గేజి తగిలించి తీసిన వాళ్లలో ఎవరో మూత తిరిగి పెట్టలేదు. చిన్న మూతే, కానీ లోపలి వాల్వు కాస్త అరిగితే గ్యాస్‌ను ఆపేది ఆ మూతే.

డ్యాష్‌బోర్డు లోపల కూలింగ్ కాయిల్ కూడా పోయిందేమోనని నా భయం. దాన్ని మార్చాలంటే డ్యాష్‌బోర్డు అంతా విప్పాలి. ఆ పనికి ఒక రోజు కూలి పడుతుంది. భాయ్ ఏమీ విప్పలేదు. నురగ చేరని చోట లీకు పట్టే చిన్న పరికరాన్ని, కాయిల్ నుంచి నీళ్లు బయటికి పోయే గొట్టం మూతి దగ్గర పెట్టి చూశారు. అది కూయలేదు. కాయిల్ క్షేమం.

కార్ల కంటే పికప్‌లు ఎందుకు ఎక్కువ కారుతాయని అడిగాను. ఆయన సమాధానం బండి చుట్టూ తిప్పి చూపిస్తూ చెప్పారు. బరువు కోసం పెట్టిన కమాను పట్టీల మీద ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. ఇంజను తన రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది. కండెన్సర్ మాత్రం బాడీకి బిగించి ఉంటుంది. ఆ ఊగే దానికీ ఈ కదలని దానికీ నడుమ ఉన్నది రబ్బరు గొట్టం, కదలికంతా అదే భరించాలి. ముందు లారీల టైర్ల నుంచి లేచే రాళ్లు తగిలేది కండెన్సర్‌కి. జాయింట్లలోని రబ్బరు రింగులు ఇంజను వేడికి గట్టిపడి పెళుసెక్కుతాయి. వాటి బదులు దొరికిన నల్ల రింగు ఏదో ఒకటి పెట్టేస్తే 134ఎ గ్యాస్‌కీ దాని నూనెకీ ఆగదు, దీనికి తగిన రింగులే పెట్టాలి.

ఇంకొకటి నాకు అప్పటిదాకా తెలియదు. చలికాలమంతా ఏసీ ముట్టుకోకపోతే కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీలు ఎండిపోతుంది. దాన్ని తడిగా ఉంచేది లోపల తిరిగే నూనె. కాబట్టి సంక్రాంతి చలిలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ నడపాలి. నవంబరులో ఆపి మార్చిలో మొదలుపెట్టే మన అలవాటు పొదుపు అనుకుంటాం. సీలుకు అది చేటు.

తూకం వేసి పోసిన గ్యాస్

గొట్టం మార్చారు. పిన్నూ రింగులూ మార్చారు. సిస్టమ్ విప్పాం కాబట్టి తేమ పీల్చే డ్రయర్ సీసా కూడా కొత్తది వేశారు. అప్పుడు వాక్యూమ్ పంపు తగిలించి నలభై నిమిషాలు ఆడించి, పంపు కట్టేసి, ముల్లు కదులుతుందేమోనని చూస్తూ టీ తెప్పించారు. ముల్లు కదల్లేదు.

ఈ వాక్యూమ్ అనే పనిని చాలామంది మానేస్తారు. దానివల్ల జరిగే నష్టం మెల్లగా బయటపడుతుంది. గొట్టాల్లో మిగిలిన తేమ సన్నటి వాల్వు దగ్గర మంచై అడ్డుపడుతుంది. నూనెతో కలిసి ఆమ్లమై లోపలి నుంచే లోహాన్ని తినేస్తుంది. ఇవాళ లేని లీకును రేపటికి తయారుచేస్తుంది.

చివరికి సిలిండర్ బయటికొచ్చింది, తక్కెడతో సహా. బానెట్ కింద చెరిగిపోతున్న స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములు పోయాలో రాసి ఉంది. భాయ్ అది చదివి, అన్ని గ్రాములే పోశారు. కూరలో ఉప్పు కంటి అంచనాతో వేసినట్టు, చేత్తో గొట్టం పట్టుకుని చల్లబడిందా లేదా అని చూస్తూ పోసే పని కాదిది. ఇక్కడ ఎక్కువైనా నష్టమే. ఒత్తిడి పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ అలిసిపోతుంది.

బేరం కోసం కొందరు వంటగ్యాస్ ఎక్కిస్తారు. అది చల్లబరుస్తుంది, నిజమే. కానీ అంటుకునే గ్యాస్‌ను అంటుకోని గ్యాస్ కోసం తయారుచేసిన గొట్టాల్లో నింపి, వేడి ఇంజను పక్కనా మనుషులు కూర్చున్న క్యాబిన్‌లోనూ తిప్పడం ప్రాణాలతో ఆట. లీకుల్ని లోపలి నుంచే పూడ్చేస్తుందని అమ్మే డబ్బా మందు కూడా వద్దు. అది లీకుతో పాటు వాల్వునీ డ్రయర్‌నీ, తర్వాత తగిలించిన మెకానిక్ యంత్రాన్నీ పూడుస్తుంది.

వానాకాలంలో ఇంకో రకం కారడం ఉంటుంది. ఏసీ వేస్తే బండి కింద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడటం ఆరోగ్యం. గాలిలోని తేమ కాయిల్ మీద నీరై దిగుతుంది. ఆ నీళ్లు పక్కనున్నవారి కాళ్ల మీద పడితే గొట్టంలో ఆకో మట్టో అడ్డుపడిందని అర్థం. సన్నటి తీగతో తీయొచ్చు, గాలి కొట్టించొచ్చు. దానికి కాయిల్ మార్చాలని చెప్పే దుకాణం నుంచి బండి తిప్పుకుని వచ్చేయండి.

సికింద్రాబాద్‌లో ఒక యువ ఇంజనీరు

గ్యాస్ ఎందుకు కారుతోందన్న ప్రశ్న ఈ జంట నగరాల్లో నాకంటే చాలా ముందు ఒకరికి ఎదురైంది. 1960ల మధ్యలో అన్నామలై విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు పూర్తిచేసిన ఒక తమిళ యువకుడు సికింద్రాబాద్‌లో ఒక రిఫ్రిజిరేటర్ల కంపెనీలో ఉద్యోగానికి చేరాడు. ఫ్రిజ్జుల్లోంచి గ్యాస్ ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం ఆయనకు అప్పగించిన పని. ఆయన పేరు వీరభద్రన్ రామనాథన్.

తర్వాత ఆయన బెంగళూరు ఐఐఎస్సీకీ, అక్కడి నుంచి అమెరికాకీ వెళ్లారు. 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు ఫ్రిజ్జుల్లోనూ ఏసీల్లోనూ వాడే సీఎఫ్‌సీ వాయువులు పైకి చేరి ఓజోన్ పొరను తినేస్తాయని చెప్పారు. ఆ వాయువులు రామనాథన్‌కి కొత్తవి కావు, సికింద్రాబాద్‌లో చేతులకు అంటినవే. ఓజోన్ సంగతి సరే, ఇవి వేడిని ఎంత పట్టి ఉంచుతాయని ఆయన లెక్కవేశారు. 1975లో సైన్స్ పత్రికలో అచ్చయిన ఆ లెక్క ప్రకారం, ఒక్క సీఎఫ్‌సీ అణువు పదివేలకు పైగా కార్బన్ డయాక్సైడ్ అణువులతో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. అప్పటిదాకా భూతాపమంటే కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే గుర్తొచ్చేది. ఆ చర్చకు కొత్త దారి తెరిచినది, ఒకనాడు మన సికింద్రాబాద్‌లో ఫ్రిజ్జు లీకులు వెతికిన మనిషి. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నా గట్టి కోరిక.

ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది, 1992లో భారత్ చేరింది. బండ్లలో వాడే ఆర్-12 అనే సీఎఫ్‌సీ పోయి, ఓజోన్ జోలికి వెళ్లని 134ఎ వచ్చింది. దాన్ని దేశంలోనే తయారుచేసే పద్ధతుల మీద పరిశోధన జరిగిన చోట్లలో తార్నాకలోని ఐఐసీటీ ఒకటి. నా బండి నిలబడ్డ నాచారం సందు నుంచి ఆ ప్రయోగశాల గేటు కొద్ది కిలోమీటర్ల దూరం.

అయితే 134ఎ కూడా అమాయకమైనది కాదు. ఒక కిలో గాలిలో కలిస్తే వందేళ్ల లెక్కన 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అరకిలో అంటే 715 కిలోలు. దాదాపు 265 లీటర్ల డీజిలు కాల్చినంత. నా పికప్ లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇస్తుంది. ఆ డీజిలుతో సైనిక్‌పురి నుంచి కాశీకి వెళ్లి తిరిగి రావచ్చు, ఇంకా ట్యాంకులో మిగులుతుంది. ఒకే వేసవిలో అలాంటి ప్రయాణాలు రెండు, నా బండి చక్రం కదలకుండానే, ఒక రబ్బరు గొట్టం చివర నుంచి జరిగిపోయాయి.

అందుకే 2016లో కిగాలీలో ఈ రకం వాయువుల్ని కూడా తగ్గించాలని దేశాలు ఒప్పుకున్నాయి. 2021లో భారత్ దాన్ని ఆమోదించింది. మన వాడకం 2028లో పెరగకుండా ఆగి, 2032 నుంచి మెట్లు మెట్లుగా దిగి, 2047 నాటికి 85 శాతం తగ్గాలి. 2019లో కేంద్రం ప్రకటించిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్షమంది మెకానిక్‌లకు శిక్షణ, ధ్రువపత్రం అన్న లక్ష్యం ఉంది. ఆ శిక్షణ నాచారం, మల్లాపూర్, చర్లపల్లి సందుల్లోకి రావాలి. పాత గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా యంత్రంలోకి పట్టి, శుభ్రం చేసి మళ్లీ వాడే పద్ధతి ఉంది. ఆ యంత్రం చిన్న షెడ్డు కొనలేదు. దానికి అప్పో సబ్సిడీయో ఇస్తే, ఇచ్చిన ప్రతి రూపాయీ గాలికి పోకుండా మిగులుతుంది.

క్యాబిన్‌లో కూర్చునే మనిషి

షెడ్డులో నా బండి వెనక ఇంకో పికప్ ఆగి ఉంది. నీళ్ల క్యాన్లు మోసే బండి. దాని కంప్రెసర్ బెల్టు తీసేసి ఉంది. "మా సేటు తీయించిండు. డ్రైవర్‌కు ఏసీ ఎందుకని" అన్నాడు దాన్ని నడిపే కుర్రాడు. పాతికేళ్లు కూడా లేవు. సీటు కింద ఇంజను, పైన రేకు, మధ్యలో అతను, పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా.

2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మంచి నిర్ణయం, చాలా ఆలస్యంగా వచ్చిన నిర్ణయం. కానీ అది వర్తించేది మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటిన వాహనాలకే. మన కాలనీల్లోకి పాలు, నీళ్లు, కూరగాయలు, సిమెంటు తెచ్చే పికప్‌లు ఆ గీతకు కిందే ఆగిపోతాయి. ఎండ బండి బరువు చూసి కొట్టదు. ఆ గీతను చెరిపేయాలి. అంతదాకా, ఉన్న ఏసీని పనిచేయించడం యజమాని బాధ్యత. వేడికి తల తిరిగిన డ్రైవరు బ్రేకు మీద కాలు వేయడంలో అరక్షణం ఆలస్యమైతే, ఎదురుగా ఉండేది మన పిల్లలే.

మా బండికి గొట్టం, రింగులు, డ్రయర్, గ్యాస్, కూలీ అంతా కలిపి నాలుగువేల ఎనిమిది వందలు అయింది. మూడు దుకాణాల్లో గాలికి పోసినదాని కంటే తక్కువే. తర్వాతి వేసవి వచ్చింది. మొన్న కీసర నుంచి వస్తుంటే నాన్న తువ్వాలు భుజం మీద నుంచి తీయలేదు, అద్దం దింపలేదు. నాగారం దాటేసరికి నిద్రపోయారు.

ఈ వేసవిలో మీ బండి చల్లబడకపోతే, దుకాణంలో "గ్యాస్ కొట్టు" అనకండి. "లీకు ఎక్కడుందో నాకు చూపించు, అది ఆపాక తూకం వేసి గ్యాస్ ఎక్కించు" అని అడగండి. మీ బండిని వేరే మనిషి నడుపుతుంటే, అతని కోసం కూడా అడగండి.